పేరు మాది, పాస్‌వర్డు ఇంకొకరిది: నిక్సీకి విశాఖ నుంచి బహిరంగ లేఖ

నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) అధికారులకు,
న్యూఢిల్లీ

అయ్యా, అమ్మా,

విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న వ్యాపారులకి జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెట్టే పని నాది. నేను లాయర్ని కాను. కంప్యూటర్ చదువు అసలే లేదు. అయినా ఈమధ్య డొమైన్ పేర్ల, అంటే వెబ్‌సైట్ చిరునామాల, తగాదాలు నా టేబుల్ మీదకి వస్తున్నాయి. తగాదా ముదిరి లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు అడిగేది బిల్లు ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఏ ఖాతాలోంచి వెళ్లింది అని. ఆ కాగితాలు ఉండేది మా ఆఫీసు బీరువాలో.

2005 నుంచి డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీ, అంటే ఆ పేర్లన్నిటి అసలు చిట్టా, మీ చేతిలో ఉంది. ఆ పేర్ల మీద గొడవొస్తే తీర్చే విధానం కూడా మీదే. అందుకని మీకే రాస్తున్నాను. ఢిల్లీకి తెలుగులో ఉత్తరమేమిటని అనుకోకండి. తెలుగు లిపిలో డాట్ భారత్ చిరునామాలు ఇస్తున్నది మీరే కదా. చిరునామా తెలుగులో ఇచ్చినవాళ్లు ఉత్తరం కూడా తెలుగులో చదివించుకుంటారని నా నమ్మకం. పైగా మీతోపాటు మా ఊరి వర్తకులు, సైట్లు తయారుచేసే కుర్రాళ్లు కూడా దీన్ని చదవాలని నా కోరిక.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సైట్ చేసిపెట్టినవాడు డొమైన్‌ని తన పేరు మీదే రాయించుకున్న కేసుల కోసం మీ దగ్గర ఒక చిన్న దారి, తక్కువ ఖర్చు దారి, ఉండాలి. ఇప్పుడున్న దారి పెద్ద కంపెనీల పేర్లు కొట్టేసేవాళ్లని పట్టుకోవడానికి వేసింది. మా ఊళ్లో చిన్న వ్యాపారి నష్టపోతున్నది ముక్కూమొహం తెలియని దొంగ వల్ల కాదు. చాలాసార్లు తెలిసినవాళ్ల అబ్బాయి వల్ల.

నా దగ్గరికి వచ్చే ఒక పార్టీ (క్లయింటు) సంగతి చెప్తాను, పేర్లు లేకుండా. బావా బావమరిది కలిసి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రావెల్స్ నడుపుతారు. అరకు, బొర్రా గుహలు, లంబసింగి ట్రిప్పులు. సైట్ కావాలనుకున్నప్పుడు బంధువుల ద్వారా ఒక కుర్రాడు దొరికాడు. డొమైన్, హోస్టింగ్, కంపెనీ పేరుతో మెయిళ్లు, మ్యాప్‌లో ఆఫీసు గుర్తు, అన్నీ కలిపి ఒకే రేటు. "మీరేం టెన్షన్ పడకండి అంకుల్, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా. డొమైన్ ఫారంలో పేరు, మెయిల్, ఫోన్ నంబరు అడిగిన ప్రతిచోటా తనవే నింపేశాడు. అందులో దురుద్దేశం ఉందని నేను అనను. ఓటీపీ వచ్చినప్పుడల్లా వాళ్లకి ఫోన్ చేసి అడగడం ఎందుకులే అనుకుని ఉంటాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఆ కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చేతిలో ఉన్న పార్టీలన్నిటినీ ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లిపోయాడు. ఆ ఇంకొకరు రెన్యువల్ సమయానికి ఒక అంకె చెప్పారు. అది సైట్ చేయించిన మొత్తానికి కొన్ని రెట్లు. అంత ఇవ్వలేమంటే డిసెంబరు సీజన్లో, అరకు రైలు కిటకిటలాడే రోజుల్లో, సైట్‌లో బుకింగ్ నంబరు మారిపోయింది. ఫోన్ చేసినవాళ్లకి వేరే ట్రావెల్స్ వాళ్లు పలికారు. పేరు మాదే, బోర్డు మాదే, గిరాకీ పక్కవాడిది!

బావా బావమరిది సైట్ గురించే కంగారుపడ్డారు. నాకు భయం వేసింది మాత్రం మెయిల్ గురించి. ఆ సంగతి చాలామందికి తట్టదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కంపెనీ పేరుతో ఉండే మెయిల్ అడ్రసు డొమైన్ మీద ఆధారపడి ఉంటుంది. డొమైన్ ఎవరి లాగిన్‌లో ఉంటే, వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో నిర్ణయించేది వాళ్లే. రేపటినుంచి ఈ ఉత్తరాలన్నీ నా పెట్టెలో పడాలి అని రెండు నిమిషాల్లో మార్చేసుకోవచ్చు. అసలు ఓనరుకి ఏమీ తెలియదు. మెయిళ్లు రావడం లేదని మాత్రమే తెలుస్తుంది, అది కూడా ఆలస్యంగా.

ఇప్పుడు ఆ మెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చి ఉంటామో చూడండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో, బ్యాంకులో, హోటళ్ల వోచర్లలో. సీజీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్‌కి పంపినా నోటీసు అందించినట్టే. మా పార్టీకి రావలసిన నోటీసు వేరేవాళ్ల పెట్టెలో పడి, గడువు దాటి, పన్ను పడితే, నాకు మెయిల్ రాలేదండీ అని అధికారికి చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు. "పాస్‌వర్డు మర్చిపోయారా" అనే లింకు నొక్కితే వచ్చే ఉత్తరం కూడా ఆ పెట్టెలోకే పోతుంది. అంటే డొమైన్ పోయినవాడికి సైట్‌తోపాటు మిగతా ఇళ్ల తాళాలు కూడా పోయినట్టే. అందుకే మా పార్టీలందరికీ ఒకటే చెప్తున్నాను: పన్ను పోర్టళ్లలో, బ్యాంకులో కంపెనీ డొమైన్ మెయిల్ ఇవ్వకండి. డొమైన్ మీ సొంత లాగిన్‌లో ఉందని కళ్లారా చూసుకున్నాక ఇవ్వండి.

మన జనానికి ఆస్తి విషయంలో తెలివి లేదని ఎవరూ అనలేరు. మధురవాడలో రెండొందల గజాల స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పక్క సర్వే నంబర్లు అన్నీ చూపించుకుంటాడు. ఇల్లు కట్టే మేస్త్రి ఎంత మంచివాడైనా స్థలాన్ని మేస్త్రి పేరు మీద రిజిస్టర్ చేయించడు. అదే మనిషి డొమైన్ దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఆ పనే చేస్తున్నాడు. ఏడాదికి కొద్దిపాటి డబ్బుతో వచ్చే వస్తువు కదా అని తేలిక. దాని మీద ఎన్ని లక్షల వ్యాపారం నడుస్తోందో తర్వాత లెక్క వేసుకుంటాడు.

చట్టం సంగతి. ఇంటర్నెట్ పేర్ల తగాదాల కోసమని మన పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయలేదు. కోర్టులే పాత ట్రేడ్‌మార్కు న్యాయాన్ని సాగదీసి దారి వేశాయి. 1999లో యాహూ ఇండియా డాట్ కామ్ అని పెట్టుకున్నవాళ్ల మీద ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మన దేశంలో ఈ తరహా తొలి తీర్పు. 2001లో మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా తన పేరుతో ఇంకొకరు రిజిస్టర్ చేసుకున్న డాట్ కామ్ కోసం అదే కోర్టుకి వెళ్లింది, గెలిచింది. చిన్న వ్యాపారికి నిజంగా పనికొచ్చే తీర్పు మాత్రం 2004లో సుప్రీంకోర్టుది. సత్యం ఇన్ఫోవే వాళ్లు సిఫీ అనే పేరుని 1999లోనే తీసుకున్నారు. తర్వాత వచ్చిన సిఫీనెట్ సొల్యూషన్స్ దాదాపు అదే ఉచ్చారణతో పేర్లు తీసుకుంది. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, చివరికి సుప్రీంకోర్టు సివిల్ కోర్టు మాటే నిలబెట్టింది. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఆ పేరుకి జనంలో గుర్తింపు తెచ్చుకున్నవాడు తన పేరుతో ఇంకొకడు చలామణీ కావడాన్ని ఆపించవచ్చని, డొమైన్ పేరుకి కూడా ఆ రక్షణ వర్తిస్తుందని చెప్పింది.

కోర్టు బయట దారులు రెండు. డాట్ కామ్ లాంటి పేర్లకి ఐకాన్ అనే అమెరికా సంస్థ 1999లో తెచ్చిన విధానం ఉంది. ఎక్కువ కేసులు జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ దగ్గరికి వెళ్తాయి. తీర్పు చెప్పే ప్యానెల్‌లో ఒక్క సభ్యుడే ఉంటే అక్కడి రుసుము 1500 డాలర్లు, అంటే లక్ష రూపాయలు దాటుతుంది. లాయరు ఫీజు వేరు. గెలిస్తే పేరు వెనక్కి వస్తుంది లేదా రద్దవుతుంది. నష్టపరిహారం ఒక్క పైసా రాదు. మా ట్రావెల్స్ వాళ్లకి ఇది చెప్తే, "దానికన్నా వాడడిగిందే ఇచ్చేస్తే పోలేదా" అన్నారు. బేరం పెట్టేవాళ్లు కూడా ఈ లెక్క తెలిసే ఆ అంకె చెప్తారని నా అనుమానం.

రెండోది మీది. ఇక్కడ మిమ్మల్ని మెచ్చుకోవలసిన మాట ఒకటుంది. ఐకాన్ విధానంలో ఎదుటివాడు డొమైన్‌ని చెడు ఉద్దేశంతో తీసుకున్నాడని, చెడు ఉద్దేశంతో వాడుతున్నాడని, రెండూ రుజువు చేయాలి. మీ దగ్గర రెండిట్లో ఒకటి చాలు. మా ఊరి కేసులకి ఈ తేడా ప్రాణం లాంటిది. ఎందుకంటే తీసుకున్న రోజున ఆ కుర్రాడి మనసులో ఏ కల్మషమూ లేదు. చెడింది తర్వాత. డాట్ కామ్ అయితే, మొదట మంచిగానే తీసుకున్నాడు కదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఫిర్యాదు కూలిపోవచ్చు. డాట్ ఇన్ అయితే నిలబడే అవకాశం ఉంది. అలాగే మీ నిబంధనలో ట్రేడ్‌మార్కు, సర్వీసు మార్కులతోపాటు పేరు అని కూడా రాశారు. రిజిస్టర్ కాని షాపు పేరు ఉన్నవాడికి అది ఊరట. విచారణకి ఢిల్లీ రావక్కర్లేదు, మామూలుగా కాగితాల మీదే తేలుస్తారు. ఇవన్నీ మా వర్తకుల్లో ఎవరికీ తెలియవు. సైట్ చేయించుకునేటప్పుడు డాట్ కామ్ అంటే గొప్ప, డాట్ ఇన్ అంటే దానికి చెల్లెలు అనుకుంటారు.

ఇంత మంచి ఉన్నా మా పార్టీలు మీ తలుపు తట్టడం లేదు. మొదటి కారణం, ఆ విధానం అంతా ఇంగ్లీషు లీగల్ భాషలో ఉంది, విచారణ నడిచేది కూడా ఇంగ్లీషులోనే. రెండోది, లాయర్ లేకుండా ఫిర్యాదు రాయడం సామాన్యుడి వల్ల కాదు. ఈ రంగం తెలిసిన లాయర్లు మా ఊళ్లో దొరకడం కష్టం. మూడోదే అసలైనది. ఇలాంటి గొడవల్ని చూసినప్పుడు తీర్పు చెప్పేవాళ్లకి, ఇది పేరు దొంగతనం కేసా లేక ఇద్దరి మధ్య బిల్లు తగాదానా అనే సందేహం వస్తుంది. ఐకాన్ ప్యానెళ్లు చాలా కేసుల్లో, ఇది వ్యాపార ఒప్పందం గొడవ, కోర్టులో తేల్చుకోండి అని పంపేశాయి. మీ దగ్గర తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) కూడా అలాగే అంటే కట్టిన ఫీజు బూడిదలో పోసినట్టే. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఆ తీర్పుని కోర్టులో సవాలు చేయడానికి మూడు నెలల గడువు ఉందనుకోండి. డిసెంబరు సీజన్ పోగొట్టుకున్నవాడు కోర్టు మెట్లు కూడా ఎక్కుతాడా?

కాబట్టి ఈ ఒక్క రకం కేసుని విడిగా చూడమంటున్నాను. ఇందులో తేల్చవలసిన ప్రశ్న చిన్నది: ఈ పేరుని ఎవరి కోసం తీసుకున్నారు, ఎవరి డబ్బుతో తీసుకున్నారు. దానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు. సైట్ చేసినవాడి ఇన్వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ పేరు మీదున్న జీఎస్టీ లేదా ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్, షాపు లైసెన్సు, వాట్సాప్‌లో అప్పటి సంభాషణ. ఇవి చూసి రెండు మూడు వారాల్లో తేల్చేయవచ్చు. ఫీజు చిన్న వ్యాపారి కట్టగలిగినంత పెట్టండి. ఫిర్యాదు తెలుగులో ఇవ్వనివ్వండి. తేలేలోపు ఆ డొమైన్‌ని ఇంకొకరికి అమ్మకుండా, మెయిల్ దారి మళ్లించకుండా ఆపండి. ఎదుటివాడు తనకి నిజంగా బాకీ ఉందంటే, ఆ మొత్తాన్ని కట్టించుకుని పేరు ఇప్పించే వీలు కూడా పెట్టండి.

ఇంకా మంచిది గొడవ పుట్టకుండా చూడటం. పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకి గుర్తింపు ఇచ్చేది మీరే, షరతులు రాసేది మీరే. ఎవరైనా ఇంకొకరి కోసం పేరు తీసుకుంటున్నారా అని ఫారంలో ఒక ప్రశ్న చేర్చండి. అవునంటే ఆ ఇంకొకరి పేరు, ఫోన్ నంబరు తీసుకుని, వారికి తెలుగులో ఒక మెసేజ్ పంపండి: మీ కోసం ఫలానా పేరు రిజిస్టర్ అయింది, ఓనరుగా ఫలానా వ్యక్తి పేరు ఉంది, గడువు ఫలానా తేదీ. బస్సు టికెట్‌కి, గ్యాస్ బండకి వస్తున్న మెసేజే కదా.

సైట్లు చేసే కుర్రాళ్ల వైపు కూడా న్యాయం ఉంది. అది చెప్పకపోతే ఈ ఉత్తరం ఏకపక్షం అవుతుంది. మా వర్తకులు బాకీలు ఎగ్గొట్టడంలో తక్కువవాళ్లు కారు. పని చేయించుకుని, నచ్చలేదని మార్పులు చేయించుకుని, సంక్రాంతి తర్వాత ఇస్తా, ఉగాది తర్వాత ఇస్తా అంటారు. డొమైన్ తన లాగిన్‌లో ఉంచుకోవడం తప్ప ఆ కుర్రాడి చేతిలో ఇంకో పట్టు లేదు. కానీ వాళ్లకి ఇంతకన్నా గట్టి దారి ఉంది. ఉద్యంలో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకుంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న సంస్థల) చట్టం వర్తిస్తుంది. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్లోనే దరఖాస్తు పెట్టవచ్చు. డొమైన్ పట్టుకుని కూర్చుంటే రేపు వాళ్ల మీదే కేసు తిరుగుతుంది. చక్రవడ్డీ నోటీసు చూస్తే మా వర్తకుడు ఆ వారమే డబ్బు సర్దుతాడు, ఇది నేను చూసి చెప్తున్న మాట.

అన్నదమ్ములు విడిపోయినప్పుడు కూడా ఇదే తంతు. షాపు, గోడౌను, వ్యాన్లు పంచుకుంటారు. డొమైన్ పెద్దాయన కొడుకు లాగిన్‌లో ఉండిపోతుంది. మా ఆఫీసులో ఇప్పుడు భాగస్వామ్య ఒప్పందం రాసేటప్పుడు ఆస్తుల జాబితాలో డొమైన్ పేరు, రిజిస్ట్రార్ పేరు, రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో కూడా రాయిస్తున్నాం.

ఇక రెండో రకం గొడవ. ఇది మొదటిదానికి తలకిందులు. ఇక్కడ చిన్నవాడి పేరు సక్రమంగా అతని దగ్గరే ఉంటుంది, పెద్దవాడు వచ్చి ఇచ్చేయమంటాడు. ఎక్కడో పెద్ద ఊళ్లో ఉన్న కంపెనీ లాయర్ నుంచి ఆరు పేజీల నోటీసు వస్తుంది. పదిహేను రోజుల్లో డొమైన్ అప్పగించాలి, లేదా లక్షల్లో పరిహారం. అక్కయ్యపాలెంలో బేకరీ నడిపేవాడికి ఆ కాగితం చూస్తే బీపీ పెరుగుతుంది. కొందరు భయపడి ఇచ్చేస్తారు కూడా.

వాళ్లకి తెలియవలసింది ఏమిటంటే, పెద్దవాళ్లు ప్రతిసారీ గెలవలేదు. అమెరికాలో నిస్సాన్ అనే ఇంటిపేరున్న ఒకాయన 1994లో నిస్సాన్ డాట్ కామ్ తీసుకున్నాడు. కార్ల కంపెనీ 1999లో దావా వేసింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాడు, డబ్బు బాగా వదిలింది, కానీ పేరు వదలలేదు. 2020లో కన్నుమూసేదాకా అది ఆయనదే. బార్సిలోనా సంగతి మా ఊరికి ఇంకా దగ్గర. బార్సిలోనా డాట్ కామ్ మాకు ఇచ్చేయమని ఆ నగర పాలక సంస్థ 2000లో ప్యానెల్ ముందుకి వెళ్లి గెలిచింది. 2003లో అమెరికా అప్పీల్ కోర్టు దాన్ని తిప్పేసింది. ఊరి పేరు ఊరి పేరే, దాని మీద ఒకరికి ట్రేడ్‌మార్కు గుత్తాధిపత్యం ఉండదని వాళ్ల చట్టం ప్రకారం తేల్చింది. మన ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ కూడా కేవలం ప్రాంతం పేరునే మార్కుగా రిజిస్టర్ చేయడానికి మామూలుగా ఒప్పుకోదు. వాడకంతో ప్రత్యేక గుర్తింపు వచ్చిందని చూపిస్తే తప్ప.

విశాఖకి ఉన్నన్ని పేర్లు ఏ ఊరికి ఉన్నాయి? విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, వాల్తేరు. ఏ వీధికి వెళ్లినా వైజాగ్ ఫలానా, వాల్తేరు ఫలానా అని బోర్డులే. రైల్వే వాళ్లు 2025లో వాల్తేరు డివిజన్ పేరుని విశాఖపట్నం డివిజన్‌గా మార్చాలని నిర్ణయించినా వాల్తేరు పేరున్న హోటళ్లు, క్లబ్బులు ఎక్కడికీ పోలేదు. ఈ మాటల మీద ఒక్కరికే హక్కు ఇచ్చేస్తే సగం ఊరు బోర్డులు దించుకోవాలి. అందుకని ఊరి పేరుతో మొదలయ్యే డొమైన్ల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు మీ ఆర్బిట్రేటర్లు ఒకటికి రెండుసార్లు చూడాలని నా విన్నపం.

బెదిరింపు నోటీసులకి మందు మన చట్టంలోనే ఉంది. ట్రేడ్‌మార్కుల చట్టం 142వ సెక్షన్ ప్రకారం ఆధారం లేకుండా ట్రేడ్‌మార్కు కేసు వేస్తామని బెదిరించినవాడి మీద, బెదిరింపుకి గురైనవాడే ముందు దావా వేసి, ఆ బెదిరింపులు ఆపమని, నష్టపరిహారం ఇవ్వమని అడగవచ్చు. అదే చట్టం 34వ సెక్షన్ మార్కు ఓనరుకంటే ముందు నుంచి వాడుతున్నవాడిని కాపాడుతుంది. 35వ సెక్షన్ తన సొంత పేరుని నిజాయితీగా వాడుకునేవాడిని కాపాడుతుంది. ఐకాన్ నియమాల్లో కూడా, అసలు ఓనరు దగ్గర పేరు లాక్కోవడానికి ఫిర్యాదుని దుర్వినియోగం చేస్తే ప్యానెల్ ఆ మాట తీర్పులో రాస్తుంది. రాయడం వరకే, జరిమానా లేదు. మీరు ఒక అడుగు ముందుకేసి, అలాంటి ఫిర్యాదుదారు చేత ఎదుటివాడి ఖర్చులు తప్పనిసరిగా కట్టించండి.

పేర్లు పోగేసేవాళ్ల గురించి కూడా రెండు మాటలు. 2025 అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ పెడతామని ప్రకటించినప్పటినుంచి నా దగ్గరికి వచ్చే రియల్ ఎస్టేట్ పార్టీలకి కొత్త ఆశ పుట్టింది. వైజాగ్ పక్కన పెద్ద కంపెనీ పేరు తగిలించి నాలుగు డొమైన్లు కొని పెట్టుకుంటే రేపు కోట్లు వస్తాయా సార్, అంటారు. రావని చెప్తున్నాను. 2024లో జియో హాట్‌స్టార్ డాట్ కామ్ కథ అందరూ చదివారు. జియో, హాట్‌స్టార్ కలుస్తాయని ముందే ఊహించి పేరు కొన్న ఢిల్లీ కుర్రాడు దానికి బదులుగా కేంబ్రిడ్జ్ చదువు ఫీజు అడిగాడు, దక్కలేదు. తర్వాత దుబాయ్‌లో ఉంటున్న ఇద్దరు పిల్లలు దాన్ని కొని, ఉచితంగానే ఇస్తామన్నారు. పక్కవాడి మార్కుని అమ్ముకోవడానికే కొన్నట్టు తేలితే దాన్ని మీ నిబంధనలు చెడు ఉద్దేశం కిందే లెక్కేస్తాయి. ఇలాంటివాళ్ల మీద నాకు జాలి లేదు. ఓనరెవరో దాచుకుని ఇలాంటివి చేసేవాళ్లని కోర్టులు అశోక్ కుమార్ అని పిలుస్తాయట. ఎదుటివాడు ఎవరో తెలియనప్పుడు దావాలో రాసే పేరు అది. నిజంగా ఆ పేరున్నవాళ్లు పాపం ఏమనుకుంటారో!

గడువు దాటిన పేర్ల సంగతి వర్తకులకి ఒక్క ముక్కలో చెప్తాను. డాట్ కామ్ రెన్యువల్ మర్చిపోయి రిజిస్ట్రార్ దాన్ని తొలగిస్తే, ముప్ఫై రోజులపాటు ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత అయిదు రోజులకి అది బజార్లో పడుతుంది. అలా వదిలేసిన పాత స్కూళ్ల పేర్లు, గుళ్ల పేర్లు బెట్టింగ్ సైట్లుగా తేలడం మనం చూస్తూనే ఉన్నాం.

చివరిగా ఒక పని అడుగుతాను, ఇది విధానం మార్చేదాకా ఆగక్కర్లేదు. మీ దగ్గర నుంచి ఒకరిద్దరిని విశాఖకి పంపండి. పౌర గ్రంథాలయంలోనో, ఏదైనా వర్తక సంఘం హాల్లోనో ఒక పూట కూర్చుంటే చాలు. డాట్ ఇన్ పేరు తన లాగిన్‌లోకి ఎలా మార్చుకోవాలో, ఓనరుగా ఎవరున్నారో ఎలా చూసుకోవాలో, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో తెలుగులో చెప్పించండి. హాలు, టీ, జనం సంగతి మేం చూసుకుంటాం. సైట్లు చేసే కుర్రాళ్లని కూడా పిలుస్తాం. మార్చి, జూలై నెలలు మాత్రం వదిలేయండి. ఆ రోజుల్లో నాకూ నా పార్టీలకీ రిటర్నులతోనే సరిపోతుంది.

ఇట్లు,
ఒక టాక్స్ కన్సల్టెంట్,
ద్వారకానగర్, విశాఖపట్నం